సమ్మక్క చేతి కట్టు

నా రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, బీడీలు చుట్టే తునికాకు కోతకు నెల ఉందనగా, బీజాపూర్‌లో ఒక ఆస్పత్రికి ఫిజియోథెరపిస్టుగా వచ్చాను. అక్కడ సమ్మక్క అనే ఆవిడ చేతి వాపును మూడు రోజుల్లో మాయం చేశానని, అప్పటి నుంచి దొరికినవాళ్లందరికీ చెబుతున్నాను.

సమ్మక్కది బాసగూడ పక్క ఊరు. భర్త లచ్చయ్యతో వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి ఏడాది. చంకలో గ్రంథులు తీసేశాక చేతిలో ఊరే నీరు వెనక్కి పోయే దారి తగ్గిపోతుంది. ఆవిడ కుడిచెయ్యి అలాగే బరువెక్కింది.

“ఆకు తెంపనీకి పోవాలె. చెయ్యి లేవకుంటే ఎట్ల సారూ?” అంది.

ఈ వాపుకు కట్టే కట్టు ఇది: ముందు గుడ్డ తొడుగు, దానిపై దూది, ఆపైన ఎక్కువ సాగని బ్యాండేజీ. వేళ్ల దగ్గర మొదలుపెట్టాలి. బిగువు అక్కడే ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. కట్టుతోనే పిడికిలి మూసి తెరుస్తుండాలి. చుట్టూ మూగిన నర్సులకు గొప్పగా కట్టి చూపించి, ఇంట్లో రోజూ విప్పి కట్టే పని లచ్చయ్యకు అప్పగించాను.

వారానికి ఆవిడ వంకాయల్లా ఉబ్బిన వేళ్లతో తిరిగొచ్చింది. మోచేతి పైన ఉరిలాంటి ముడి! లచ్చయ్య మీద విరుచుకుపడ్డాను.

“చెయ్యేమన్నా తునికాకు కట్టా, నడుమ బిగించడానికి?”

“జారిపోతదని బిగించిన సారూ,” అన్నాడు నేల చూస్తూ.

సమ్మక్క నవ్వింది. “ఆకులైతే కట్టకు యాభై లెక్కబెట్టి కడ్తడు. వేళ్లు అయిదే గదా, లెక్క తప్పిండు.”

ఇక ఒప్పుకోవాలి. పట్టింది మూడు రోజులు కాదు, మూడు వారాలు. మాయమూ కాలేదు, ఈ వాపు అదుపులో పెట్టుకునేదే తప్ప పూర్తిగా పోయేది కాదు. ఈసారి లచ్చయ్య చేత నా చేతికే కట్టించుకున్నాను. మొదటిరోజు నా వేళ్లు తిమ్మిరెక్కాయి. అయిదో రోజుకు కట్టు కుదిరింది.

సమ్మక్క కోతకు వెళ్లింది. పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంది, పూటకు కాసేపే తెంపింది, మూటలు లచ్చయ్య మోశాడు. ఎక్కడైనా గీరుకుంటే సబ్బుతో కడగమని, చెయ్యి ఎర్రబడినా జ్వరం వచ్చినా ఆ రోజే రమ్మని చెప్పాను. రావలసిన పని పడలేదు.

నేను నేర్చుకున్నది ఇది: కట్టి చూపించడంతో మన పని అయిపోదు. ఇంట్లో కట్టేవాడి చేత మన ముందు కట్టించి చూశాకే పంపాలి.

మొన్న సంతలో సమ్మక్క కనిపిస్తే రాసుకున్న ఈ కాగితం జేబులోంచి తీసి ఇదంతా చదివి వినిపించాను. కుడిచేతికి బిగుతు తొడుగు వేసుకుని, అదే చేత్తో చింతపండు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది:

“మా ఆయన్నెందుకు బద్నాం చేస్తవ్ సారూ? ఫస్టు దినం నర్సమ్మలతోని ముచ్చట పెట్టుకుంట పైన ముడి బిగించింది నువ్వే. ఆయన నిన్ను చూసే నేర్చిండు.”