ఐ విల్ గో అండ్ కమ్

జ్ఞానప్రసూనకు యాభై ఎనిమిదేళ్లు. అమెరికాలోని అరోరా ఊళ్లో ఒక డ్రైక్లీనింగ్ షాపులో ప్యాంట్ల అంచులు మడిచి కుడుతూ, జిప్పులు మారుస్తూ పదమూడేళ్లుగా పనిచేస్తోంది. కూర్చుని చేసే పనిలో ఆమెను అందుకునేవాళ్లు లేరు. నడకలోనే వెనక. మోకాలి ఆపరేషన్ అయ్యాక మరీను. గుళ్లోనైనా, ఎయిర్‌పోర్టులోనైనా ఎవరో ఒకరు తన కోసం ఆగి నిలబడాల్సి వచ్చేది. అప్పుడల్లా ఆమెకు ప్రాణం చచ్చిపోయేది.

అందుకే 2012 వేసవిలో కూతురు దేదీప్య హవాయి తీసుకెళ్లి, వర్షారణ్యంలో జలపాతం దాకా సగం రోజు నడక బుక్ చేసినప్పుడు మోకాలి సంగతి గైడ్‌కి చెప్పనివ్వలేదు.

"నేను బానే నడుస్తాలేవే. ఊరందరికీ నా మోకాలి గొడవెందుకు?"

అడవి మొదట్లో అందరూ బూట్ల అడుగులు బ్రష్షుతో రుద్దుకున్నారు, బయటి విత్తనాలేవీ లోపలికి పోకుండా. గైడ్ మకానా ముప్ఫై ఏళ్లవాడు. "వెల్‌కమ్, ఆంటీ" అన్నాడు. హవాయిలోనూ పెద్దవాళ్లను ఆంటీ అంటారని ఆమెకు అప్పుడే తెలిసింది.

చెట్లంత ఎత్తు ఫెర్న్‌లు, నాచు పట్టిన మొద్దులు, సన్నటి తుంపర. ఆమె ఇవేవీ చూడలేదు. ముందువాళ్ల మడమలు చూస్తూ నడిచింది. ఇరవై నిమిషాలకే మోకాలు పట్టేసింది. చెక్క వంతెన దగ్గర మకానా ఆగాడు. దేదీప్య అవతలి ఒడ్డున ఫొటోలు తీసుకుంటోంది. ఇదే అదను.

"ఐ విల్ గో అండ్ కమ్" అని మకానాతో మెల్లగా చెప్పింది. "టెల్ మై డాటర్."

"టేక్ యువర్ టైమ్, ఆంటీ" అని నవ్వాడతను.

ఉన్నది ఒకటే దారి. నెమ్మదిగా వెనక్కి నడిచి, పొద్దున అందరూ వచ్చిన వ్యాన్ చేరుకుంది. బూట్లు విప్పి కాళ్లు చాపుకుంది. ఇక తన వల్ల ఎవరూ ఆగక్కర్లేదు, జలపాతం దాకా హాయిగా వెళ్లొస్తారు అనుకుంది. సంచిలోంచి చేగోడీలు తీసి డ్రైవర్ లువానాకూ పెట్టింది.

అంతలో లువానా రేడియో గురగురమంది. మకానా గొంతులో కంగారు. "ఒక ఆంటీ తప్పిపోయింది. చెట్ల చాటుకి వెళ్లొస్తానందనుకున్నా. ఎంతకీ రాలేదు. పొదలన్నీ వెతుకుతున్నాం."

"ఇక్కడే ఉంది" అంది లువానా, నములుతూనే. "నాకేదో కరకరలాడేది తినిపిస్తోంది."

రేడియోలోంచి ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. వాటి మధ్య దేదీప్య గొంతు, సగం ఏడుపు, సగం నవ్వు. "అమ్మా! వస్తానని చెప్పి వ్యాన్‌లో కూర్చున్నావా? మేమిక్కడ నీ పేరు పెట్టి అరుస్తున్నాం!"

"వెళ్లొస్తానంటే వెళ్తున్నాననే కదే! ఉత్తినే వెళ్తానని ఎవరైనా అంటారా, అపశకునం కాదూ?"

"అది నాకు తెలుసు. మకానాకెలా తెలుస్తుందమ్మా?"

జ్ఞానప్రసూన తల పట్టుకుంది. ఎవరూ ఆగకూడదని వెనక్కొస్తే, అందరూ వంతెన దగ్గరే ఆగిపోయారు.

"సారీ చెప్పవే వాళ్లకి. మోకాలు పట్టేసి..."

దేదీప్య ఆ మాట చెప్పగానే మళ్లీ మకానా అందుకున్నాడు. "మోకాలా? ముందే చెప్పాల్సింది, ఆంటీ! నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి, మిగతావాళ్లు వెనక. ఇక్కడ మా పద్ధతి అదే. వస్తానన్నారుగా, వచ్చెయ్యండి. ఈలోపు మేం శాండ్‌విచ్‌లు తింటాం."

లువానా ఒక కర్ర ఇచ్చి, వంతెన దాకా తోడొచ్చింది. అక్కడ ఎవరూ మొహం చిట్లించలేదు. ఒక పెద్దాయన బురద ప్యాంటు చూపించి, "మీ కోసం మోకాళ్ల దాకా దిగాను, చూశారా?" అని మేలమాడాడు. దేదీప్య తల్లిని గట్టిగా వాటేసుకుని, "ఇంకెప్పుడూ అలా చెయ్యకు" అంది.

జలపాతానికి ఇక టైం లేదు. దాని మాట కూడా ఎవరూ ఎత్తలేదు. మకానా ఆమెను అందరికంటే ముందు నిలబెట్టాడు. కాస్త దూరం నడిచాక జ్ఞానప్రసూన కర్ర నేలకు ఆనించి, "కాసేపు ఆగుదామే" అంది, ఏ మొహమాటమూ లేకుండా.

దేదీప్య ఆ మాట ఇంగ్లీషులో చెప్పేలోపే వెనకవాళ్లు బ్యాగులు దించేశారు.