ఆటలో తీసేసిన మంట

మా ఖుర్షిదా వదిన అనుమానానికి ముప్పై రెండేళ్లు. మా నల్లపాడులో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఇద్దరం ఒకే కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీస్తాం; వదినకైతే పెళ్లినాటి నుంచీ ఇదే పని. ఒకే కుప్ప ముందు ఏళ్ల తరబడి కూర్చునే ఆడవాళ్ల మధ్య ఏం దాగుతుంది?

వదిన మొగుడు నాగూర్ వలి అన్న మిర్చి యార్డులో గుమస్తాగా చేసి మానుకున్నాడు. ఆ రోజుల్లోనే మూడు నవలలు రాశాడు. రాజులు, మాయలు, మాట్లాడే గుర్రాలు. వాటిలో కనకాంబర అని ఒక రాణి ఉంది. పొడుగ్గా, పచ్చగా ఉంటుందట. మా వదిన పొట్టి, నలుపు, పైగా చదువు రాదు. పెళ్లయిన కొత్తలో ఒంగోలు నుంచి ఒక టీచరమ్మ అన్నకి ఉత్తరాలు రాసేది. ఇంకేం, నిప్పు లేనిదే పొగ వస్తుందా!

"ఎవరయ్యా ఆ రాణి?" అని వదిన ఒకే ఒక్కసారి, అత్తగారు పక్కనుండగానే అడిగిందట. "కథేగా, ఎవరో ఒకరు" అన్నాడట మహానుభావుడు. మగవాడి నోట "ఎవరో ఒకరు" అని వచ్చిందంటే నేనైనా నమ్మను. ఆ పుస్తకాలు చదివి వినిపించమని మాత్రం వదిన ఎవరినీ అడగలేదు. వింటే తట్టుకోలేనని భయం.

నిరుడు హైదరాబాదు నుంచి ఒకాయన నవ్వుకుంటూ వచ్చాడు. నవలల్ని వీడియో గేమ్ చేస్తామన్నాడు. అందులో ప్రేమకథే ప్రాణమన్నాడు. అన్న చదవకుండానే సంతకం పెట్టేశాడు. అన్నిసార్లు నవ్వే మనిషిని ఎట్లా నమ్ముతారో నాకు అర్థం కాదు.

మొన్న వేసవిలో గేమ్ వచ్చింది. వదిన కూతురు నజ్మీన్ టీవీకి తగిలించి ఆడుతుంటే వదినా నేనూ చూస్తూ కూర్చున్నాం. అన్న నమాజుకి వెళ్లాడు. తెర మీద రాణి, వైద్యురాలు, వేటగత్తె, ముగ్గురి బొమ్మలూ వరసగా వచ్చాయి.

"హీరో ఎవర్ని ప్రేమించాలో మనమే ఎంచుకోవాలి ఆంటీ" అంది నజ్మీన్.

"ఇదేం ప్రేమే, బట్టల కొట్లో చీరలు బేరమాడినట్టు!" అన్నాను.

"పుస్తకంలో రాణి ఒక్కతేనంట. గేమంటే అందరికీ నచ్చాలిగా."

"రాణినే నొక్కు" అంది వదిన.

తెర మీద సంత వచ్చింది. పట్టుబట్టల్లో రాణి మెరిసిపోతోంది. హీరో తన ఉత్తరీయం తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. గుడ్డ కింద వేళ్లు కదిలాయి. ఇద్దరూ నవ్వుకున్నారు. వదిన మొహం మాడిపోయింది. లేచి వంటింట్లోకి వెళ్లింది.

ఎందుకో నాకు తెలుసు. వెనకటి రోజుల్లో యార్డులో ధర పైకి చెప్పేవాళ్లు కాదు. తువ్వాలు కప్పి, కింద ఒకరి వేళ్లు ఒకరు నొక్కి చెప్పుకునేవాళ్లు. పెళ్లయిన కొత్తలో, అత్తమామల ముందు మాట్లాడే వీల్లేక, అన్న ఆ విద్య వదినకు నేర్పాడు. నాలుగు వేళ్లు నొక్కితే నాలుగింటికల్లా వచ్చేస్తానని. అది వాళ్లిద్దరి మధ్యే ఉన్న గుట్టు.

"నాకు నేర్పింది దానికీ నేర్పాడు రెబ్కా" అంది మర్నాడు కుప్ప ముందు. "అది పచ్చగా ఉందని నేనెప్పుడూ ఏడవలా. ఇదొక్కటీ నాదనుకున్నా." కళ్లు తుడుచుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మా పనిలో ఏడుపొచ్చినా కళ్లు తుడుచుకోకూడదు.

"గేమ్ చూసి మొగుణ్ని ఉరి తీస్తావా? అసలు పుస్తకంలో ఏం రాశాడో చూడొద్దూ!" అని కసిరాను. నజ్మీన్ దగ్గర పుస్తకం తీసుకుని, తర్వాతి రోజు అన్నాల వేళ చదివి వినిపించాను.

అదే సంత. కాని పట్టుబట్టలు లేవు. శత్రువులకు దొరక్కుండా రాణి కూలిమనిషి వేషంలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. 'గుడ్డ కింద చెయ్యి కలపగానే అతడు ఉలిక్కిపడ్డాడు. ఆమె వేళ్లు మండుతున్నాయి. ఎన్ని నీళ్లతో కడిగినా పోని మంట. అయినా అతడు వదల్లేదు. కళ్లు పోయినా ఈ చేతిని గుర్తుపడతాననుకున్నాడు.'

"మళ్లీ చదువు" అంది వదిన. మూడుసార్లు చదివించుకుంది.

"టీచరమ్మ చేతికి సుద్ద అంటుద్దిగాని కారం అంటుద్దా వదినా?" అన్నాను. ఆమె తన అరచేతులు తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది.

పని దిగాక చేతులైనా కడుక్కోకుండా ఇంటికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను, వెళ్లకుండా ఎట్లా ఉంటాను! అన్న వరండాలో పేపరు చూస్తున్నాడు. ఆయన భుజం మీది తువ్వాలు లాగి, ఇద్దరి చేతుల మీదా కప్పింది వదిన. అన్న ఉలిక్కిపడ్డాడు.

"గేమ్‌లో మంట ఎందుకు తీసేశారయ్యా?"

"అడిగా. రాణి చేతులు అందంగా ఉండాలన్నారు."

"ముప్పై రెండేళ్లలో నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"అప్పుడు అమ్మ ముందు అడిగావు, సిగ్గేసింది. తర్వాత నువ్వే ఎవరి చేతైనా చదివించుకుని ఉంటావనుకున్నా." అన్న రెండో చేతిలోని పేపరు కింద పెట్టాడు. "విని కూడా ఏమీ అనలేదంటే నీకు నచ్చలేదేమో అనుకున్నా ఖుర్షిదా. అందుకే నాలుగోది రాయలేదు."

తువ్వాలు కింద వదిన ఎన్ని వేళ్లు నొక్కిందో నాకు కనపడలేదు. అన్న కళ్లు నిండాయి. చెయ్యి లాక్కుని తుడుచుకోబోయాడు.

"ఆగయ్యా, ఆ చేత్తో కాదు!" అని వదిన కేకేసింది.