పరమేశ్ సారు చాయ్ పరీక్ష

మెదక్ చరిత్రను ఎప్పుడైనా సమగ్రంగా రాస్తే, గణితం లెక్చరర్ పరమేశ్ చాయ్ గ్లాసును వెలుతురుకెత్తి అర నిమిషం పరిశీలించే ఆచారానికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. "ఈగ పడ్డదా సారూ? రోజూ గట్లనే జూస్తరు!" అని చాయ్ హోటల్ యశోద ఉడుక్కునేది. "ఈగ గాదమ్మా, లోపల ప్రవాహం జూస్తున్న" అనేవాడాయన. నానో రేణువులు కలిసిన ద్రవంలో సూక్ష్మజీవులు ఈదుతుంటే ఆ ద్రవం ఎలా పారుతుందో సమీకరణాల్లో చెప్పడం ఆయన పీహెచ్‌డీ. ఆరేళ్లయింది, ఆఖరి గడువు ఈ నెలాఖరు. కంప్యూటర్‌లో లెక్క మాత్రం ఏనాడూ ఒక జవాబు దగ్గర నిలవలేదు. ఆ జీవులను ఆయన ఎన్నడూ చూసిందీ లేదు.

జాలిపడిన బోటనీ దేవిక మేడమ్ ఒకరోజు నాచునీళ్ల టెస్ట్ ట్యూబ్ చేతికిచ్చింది. పచ్చదనమంతా పైనే పేరుకుని ఉంది. "గీ నాచుల సూక్ష్మజీవులన్నీ పైకే ఈదుతయ్ సార్. మీ లెక్కల ఈదేటియి ఎటు పోతయ్?" పరమేశ్ నోట్‌బుక్ తెరిచాడు. ఒక్క మైనస్ గుర్తు పుణ్యాన ఆయనవి ఆరేళ్లుగా కిందికి ఈదుతున్నాయి. గుర్తు మార్చాడు. సాయంత్రానికి లెక్క నిలిచింది. మర్నాడు యశోద ఇచ్చిన చాయ్‌ని, చరిత్రలో తొలిసారి, ఎత్తి చూడకుండానే నవ్వుతూ తాగేశాడు. ఆ రోజు నిజంగానే ఈగ పడింది.