పనిచేస్తుందని చెప్పి ఇచ్చిన ఇస్త్రీపెట్టె

కండక్టరమ్మకి కోపం ముక్కుమీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. సిటీ బస్సులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆమె ఒక్క కేక వేస్తే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళంతా బుద్ధిగా లోపలికి సర్దుకునేవాళ్ళు. ఆ కేక తననే అనుకుని డ్రైవరు కూడా ఓసారి సడెన్ బ్రేకు వేశాడట. ఉద్యోగం అయిపోయింది గానీ నోరు మాత్రం రిటైరవలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "నాతో కాపురం చెయ్యాలంటే రెండు చెవులు సరిపోవు, దేవుడు మూడో చెవి పెట్టినవాడు దొరకలేదు" అని తనే నవ్వేసేది.

రిటైరయ్యాక ఆమెకి ఒక పని దొరికింది. నిజానికి అది కూడా కోపంలోంచి పుట్టిందే. వీధి చివర చెత్తకుప్ప మీద ఎవరో టేబుల్ ఫ్యాను పారేశారు. తెచ్చి ఎదురింటి రేడియో బాబాయికి ఇచ్చింది. రేడియోలు బాగుచేసే కొట్టు మూసేసినా చేతుల దురద తీరని మనిషి ఆయన. ఊడిన తీగ ఒకటి అతికించాడు, ఫ్యాను గిర్రున తిరిగింది. "ఈమాత్రం దానికి పారేస్తారా! వీళ్ళ చేతులు పడిపోను!" అని ఆమె తిట్టిన తిట్లు వీధి మొత్తం విన్నది. ఆ నెలలోనే లైబ్రరీ వెనకాల ఖాళీగా పడున్న హాలు అడిగి తీసుకుని, నెలకో ఆదివారం అక్కడ పాతసామాన్ల మేళా మొదలుపెట్టింది.

హాల్లో రెండు పొడవాటి బల్లలు. కిటికీ పక్కది బాగుచేసే బల్ల. అక్కడ రేడియో బాబాయి, ఒక దర్జీ, ఇంకా చేతిపని వచ్చినవాళ్ళు కూర్చునేవాళ్ళు. గుమ్మానికి ఎదురుగా ఉన్నది ఇచ్చే బల్ల. పాడైన వస్తువు మొదటి బల్ల దగ్గరికి వెళుతుంది. బాగున్నదని తెచ్చినవాళ్ళు చెబితే, పైపైన ఓసారి తిప్పి చూసి, ఆ మాట నమ్మి నేరుగా రెండో బల్ల మీద పెట్టేస్తారు. కావలసినవాళ్ళు ఊరికే పట్టుకెళ్ళచ్చు.

మొదట్లో బాగానే సాగింది. పోనుపోను కొందరికి ఆ హాలు ఇంటి దగ్గరి చెత్తకుండీ అయిపోయింది. అడుగు ఊడిన గిన్నె, ఒంటి చెప్పు, ఎవరి తలదో తెలియని జిడ్డు దిండు, పళ్ళు రాలిన దువ్వెన. తెచ్చినవాళ్ళ మొహాలు మాత్రం దానకర్ణుల్లా వెలిగిపోయేవి. ఒకాయన చక్రం ఊడిన సూట్‌కేసు ఇస్తూ, "దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదమ్మా" అన్నాడు.

"పళ్ళు లెక్కపెట్టను లెండి. ముందది ఆవో కాదో చూడనివ్వండి" అంది కండక్టరమ్మ.

ఒక ఆదివారం ఆమె బావ వచ్చాడు. బావ అంటే సొంత అక్క భర్త. ఆఫీసులో పెద్ద కుర్చీలో కూర్చుని రిటైరైన మనిషి. చొక్కా మీద ముడత పడితే రోజంతా మూడీగా ఉంటాడు. అమ్మ పోయాక కండక్టరమ్మని పెంచింది ఆ అక్కే. అందుకని అక్క ఇల్లంటే ఆమెకి పుట్టిల్లు. బావ సంచీలోంచి ఇస్త్రీపెట్టె తీసి, "చక్కగా పనిచేస్తుంది. కొత్తది కొనుక్కున్నాం, ఇది అడ్డంగా ఉంది" అన్నాడు. తళతళలాడుతోంది. మా అక్కావాళ్ళు ఇచ్చారని అందరికీ వినబడేలా చెప్పి, ఆమె దాన్ని బల్లమీద అన్నిటికన్నా ముందు పెట్టింది.

అది పాలమ్మాయికి నచ్చింది. తెల్లవారకముందే ఇంటింటికీ పాల ప్యాకెట్లు వేసే పిల్ల. ఒంటరిగా ఉంటుంది. ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి పిలుపొచ్చింది. చొక్కా నీటుగా ఉండాలన్నారట. "ఇంకొకరి ఇంటికెళ్ళి అడుక్కోకుండా నా ఇస్త్రీ నేనే చేసుకుంటానండీ" అని పెట్టెని పసిపిల్లలా ఎత్తుకుని వెళ్ళింది.

ఆ తర్వాతి వారం పాల ప్యాకెట్లు వేసింది వేరేవాళ్ళు. అడిగితే, ఆ అమ్మాయికి ఒంట్లో బాగాలేదన్నారు. కండక్టరమ్మ వెతుక్కుంటూ వెళ్ళింది. బట్టల లాండ్రీ పైన చిన్న గది. ఒకటే కిటికీ. గోడకి కొట్టిన మేకుకి తెల్లచొక్కా వేలాడుతోంది, దాని వీపు మీద గోధుమరంగులో ఇస్త్రీపెట్టె అచ్చు. మంచం మీద కూర్చున్న పిల్ల కుడిచేతికి మోచేయి దాకా కట్టు.

"ఏమైందే?"

"షాక్ కొట్టిందండీ. విసిరేసినట్టు గోడకి పడ్డాను. పెట్టె వచ్చి చేతిమీద పడింది. డాక్టరు తగ్గిపోతుందన్నారు లెండి."

"ఉద్యోగం?"

"వెళ్ళలేకపోయాను. వేరే అమ్మాయికి ఇచ్చేశారట." పిల్ల నవ్వబోయింది. "ఊరికే తెచ్చుకున్నది కదండీ, ఎవర్నని ఏం లాభం? నా ఖర్మ."

ఆ మాట వినగానే కండక్టరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఖర్మ కాదే, వైరు! వైరు పాడైతే షాక్ కొడుతుంది, ఖర్మ పాడైతే కాదు!" అని అరిచింది. కింద లాండ్రీలో మాటలు ఆగిపోయాయి. మంచం కిందున్న ఇస్త్రీపెట్టె తీసుకుని మెట్లు దిగింది.

రేడియో బాబాయి దాన్ని విప్పి చూసి ఆమె వైపు తిప్పాడు. లోపల వైరు కాలి, తొడుగు ఊడిపోయి ఉంది. దానిమీద ఎవరో టేపు చుట్టారు. ఆ టేపు కూడా ఎప్పుడో మాడి ఎండిపోయింది.

"ఎవరికో ముందే తెలుసమ్మా. టేపు దానంతటది పుట్టదుగా" అన్నాడాయన.

ఆమె అట్నుంచి అటే అక్క ఇంటికి వెళ్ళింది. బావ హాల్లో పేపరు చదువుకుంటున్నాడు. అక్క టీ తెచ్చి పెట్టింది. ఆమె కప్పు ముట్టుకోలేదు. ఇస్త్రీపెట్టె తీసి టీపాయ్ మీద పెట్టి, పాలమ్మాయికి జరిగింది చెప్పింది.

"ఇది షాక్ కొడుతుందని మీకు తెలుసా బావా?"

బావ కళ్ళజోడు సర్దుకున్నాడు. "అప్పుడప్పుడూ చురుక్కుమనేది. మీ అక్కకి ఓసారి గట్టిగానే కొట్టింది. అందుకేగా కొత్తది కొన్నాం."

"మరి చక్కగా పనిచేస్తుందని ఎందుకు చెప్పారు?"

"వేడెక్కుతుంది కదా! టేపు కూడా నేనే చుట్టాను." ఆయన గొంతులో విసుగే తప్ప ఇంకేం లేదు. "అయినా ఊరికే తీసుకునేవాళ్ళకి ఇన్ని పట్టింపులా?"

బస్సునిండా జనాన్ని ఒంటిచేత్తో అదుపు చేసిన మనిషి, ఊరికే తీసుకునేవాళ్ళు అన్న ఆ ఒక్క మాటకి బిగుసుకుపోయింది. అక్కే కల్పించుకుంది. "పోనీలేవే, ఏదో పొరపాటు. ఆ అమ్మాయికి మందుల ఖర్చు మనం ఇచ్చేద్దాం."

అప్పుడు వచ్చింది గొంతు.

"పోనీలేవే నా? నీకు షాక్ కొడితే ఇంట్లోకి కొత్తపెట్టె వచ్చింది. దానికి కొడితే పోనీలేవే నా? నీది చెయ్యీ, దానిది చెక్కా? ఎందుకూ పనికిరాదని చెత్తబుట్టలో పడేసినా బాగుండేది కదే! చెత్తలో వేస్తే ఎవరూ మంచిదనుకోరు. మీరు మంచిదని చెప్పి మరీ ఇచ్చారు. పైగా పుణ్యం కూడా కావలసొచ్చింది!"

"గొంతు తగ్గించు. పక్కవాళ్ళు వింటారు" అన్నాడు బావ.

"విననివ్వండి. మందుల ఖర్చు ఎవడికి కావాలి? లేవండి. నాతో వచ్చి ఆ పిల్ల చెయ్యి చూడండి. తెలిసే ఇచ్చానని మీ నోటితో చెప్పండి."

బావ మొహం మాడిపోయింది. "పాలు వేసే అమ్మాయి ఇంటికి నేను వెళ్ళాలా?"

"మీ గుమ్మంలోకి ఆమె రోజూ వస్తుందిగా. మీరు ఒక్కసారి వెళితే మెట్లు కూలిపోవు."

ఆయన పేపరు మళ్ళీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పేపరు లాగి చించేయాలనిపించింది ఆమెకి. అక్క కళ్ళల్లో నీళ్ళు చూసి ఆగి, ఇస్త్రీపెట్టె చంకన పెట్టుకుని బయటికి వచ్చేసింది. దారిలో తనమీద తనకే ఒళ్ళు మండింది. వేరేవాళ్ళు తెచ్చినది అటూ ఇటూ తిప్పి చూసేదే కదా. అక్క ఇంటి నుంచి వచ్చిందని కళ్ళు మూసుకుంది.

తర్వాతి మేళా రోజు హాలు నిండగానే ఆమె కుర్చీ ఎక్కి నిలబడింది. జరిగినదంతా దాచకుండా చెప్పింది. పెట్టె ఎవరింటి నుంచి వచ్చిందో, దాన్ని చూడకుండా ముందు వరసలో పెట్టింది ఎవరో కూడా చెప్పింది. "ఇకనుంచి ఒకటే మాట. ఇచ్చే బల్ల మీద పెట్టే ముందు, తెచ్చినవాళ్ళే ఇక్కడ అందరి ఎదుటా వాడి చూపించాలి. మీరు వాడనిది ఎవరూ వాడరు."

హాలంతా గుసగుసలు. మిక్సీ పట్టుకొచ్చిన ఒకావిడ, "అంటే మామీద నమ్మకం లేదా?" అంది.

"లేదు" అంది కండక్టరమ్మ.

ఆవిడ మిక్సీతో సహా విసవిసా వెళ్ళిపోయింది. కుర్చీ తెచ్చిన పెద్దమనిషిని కూర్చోమంటే, వంగి కుర్చీ కాలు ఒకటి కదిపి చూసి, నడుం నొప్పని చెప్పి నిలబడే ఉన్నాడు. దిండు తెచ్చినావిడని దానిమీద తల పెట్టి చూపించమంటే, "ఛీ!" అని దిండు చంకన పెట్టుకుని బయటికి నడిచింది. నవ్వాగక దర్జీ చేతిలో సూది జారిపోయింది. కండక్టరమ్మ మాత్రం నవ్వలేదు. ఆ ఛీ అన్న మాట ఆమెకి నవ్వులాటగా వినిపించలేదు.

ఆ నెల బల్ల సగం కూడా నిండలేదు. మంచి చేద్దామని వస్తే మొహాన పేడ కొట్టినట్టు మాట్లాడుతుందని వీధిలో చెప్పుకున్నారు. ఆమె చెవిన పడింది. పడితే పడనీ అనుకుంది. సగం నిండిన ఆ బల్ల మీది ఒక్క వస్తువు కూడా ఎవరి చెయ్యీ కాల్చలేదు.

కొన్నాళ్ళకి పాలమ్మాయి కట్టు విప్పేశారు. చేతిమీద మచ్చ మిగిలింది. మళ్ళీ ప్యాకెట్లు వేస్తోంది. ఒకరోజు గుమ్మం దగ్గర ఆగి, "మీ అక్కగారు మా గదికి వచ్చారండీ. నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. సారు కొత్త ఇస్త్రీపెట్టె పంపించారు" అంది.

"తీసుకున్నావా?"

"లేదండీ." పిల్ల గొంతు ఎప్పటిలా మెత్తగా లేదు. "ఆయన వచ్చి, తప్పు చేశానని చెబితే అప్పుడు ఆలోచిస్తానన్నాను. నేను రోజూ వాళ్ళ మూడో అంతస్తుకి ఎక్కడం లేదా? ఉద్యోగం పోయింది నాది. ఊరికే తీసుకుంటే ఊరికే చచ్చిపోవాలా?"

ఖర్మ అని నవ్వబోయిన పిల్ల ఈమేనా అనిపించింది కండక్టరమ్మకి. "రేపు ఆదివారం హాలుకి రా. ఇచ్చే బల్ల దగ్గర నువ్వు నిలబడు" అంది.

పాలమ్మాయి వచ్చి నిలబడింది. కండక్టరమ్మ అరిస్తే ఎదురు మాట్లాడేవాళ్ళు కూడా, మచ్చపడ్డ చెయ్యి చాచి, "ముందు మీరు స్విచ్ వెయ్యండి సార్" అని ఆ పిల్ల నెమ్మదిగా అంటే కిక్కురుమనకుండా వేసేవాళ్ళు.

బావ రాలేదు. కండక్టరమ్మ కూడా ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్కే ఒకరోజు హాలుకి వచ్చి, దర్జీ పక్క కుర్చీలో కూర్చుంది. చాలాసేపటికి చెల్లెలు దగ్గరికొచ్చి నిలబడింది.

"మీ బావ నీమీద ఇంకా కోపంగానే ఉన్నారే" అంది అక్క తలెత్తకుండా.

"ఉండనీ అక్కా. నాకూ తగ్గలేదు."

అక్క సంచీలోంచి చిరిగిన దుప్పటి తీసి, వెలుతురు వైపు జరిగి, సూదిలోకి దారం ఎక్కించుకోసాగింది.