బంతి కాలవలో పడితే

నా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలపు మాటేమీ కాదు. నాకింకా పెళ్ళి కూడా కాలేదు. కానీ ఇబ్రహీంపట్నంలో మా థర్మల్ ప్లాంటు క్వార్టర్స్ పిల్లలు నన్ను అంకుల్ అని పిలవడం మొదలుపెట్టారు కాబట్టి, పెద్దవాళ్ళలాగా వెనకటి సంగతి ఒకటి చెప్పే హక్కు నాకూ వచ్చిందనే అనుకుంటున్నాను.

పోయిన శనివారం మా క్రికెట్ టీం కమిటీ కూర్చుంది. చర్చ ఒక్కటే. బౌలింగు బ్రహ్మాండంగా వేసే ఒక కుర్రవాణ్ణి టీంలో ఉంచాలా, తీసెయ్యాలా? ఆట బాగానే ఉంది, మనిషే కష్టం అన్నారు. ఆట వచ్చినంత మాత్రాన ఎవరినైనా భరించాలా అని ఒకరు, భరించకపోతే గెలిచేదెలా అని ఇంకొకరు. చాలాసేపు విన్నాను. వింటున్నకొద్దీ ఒళ్ళు మండింది. అతను అసలు ఏం చేశాడన్నది మాత్రం ఒక్కరూ చెప్పలేదు. 'మనిషి కష్టం' అన్న మాట నేను మొదటిసారి విన్నది పదేళ్ళ కిందట, వన్ టౌన్‌లో మా సందులో. అప్పుడూ ఇదే వరస.

మా సందుకి రెండు వైపులా బెల్లం, మిర్చి, పప్పుల గోడౌన్లు. వారమంతా తోపుడు బళ్ళతో, బస్తాలు మోసేవాళ్ళతో కాలు పెట్టే చోటుండేది కాదు. ఆదివారం కొట్లు మూస్తే సందంతా మాదే. స్టంపుల బదులు ఖాళీ కిరసనాయిలు డబ్బా పెట్టుకునేవాళ్ళం. బంతి తగిలితే డబ్బా మోగుతుంది కాబట్టి అవుటా కాదా అన్న గొడవ ఉండకూడదని మా లెక్క. ఆ రోజుల్లో రేడియోలో కామెంటరీ వినని ఇల్లు లేదు. ఇంగ్లీషు ముక్క రాని మా నాయనమ్మ కూడా చప్పట్ల మోతని బట్టి ఆట ఎటు పోతోందో చెప్పేది.

నేను కీపర్ని. చేతులకి గ్లవ్స్ లేవు. మా టీంలో నిజంగా ఆట వచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకడు బెల్లం కొట్టువారి అబ్బాయి. బ్యాటు వాడిది. వాడు కొడితే బంతి గోడౌన్ రేకుల మీద పడి దొర్లుకుంటూ వచ్చేది. రెండో అతను ఊరి పెద్దకాలవ గట్టు అవతల నుంచి వచ్చే ఎడమచేతి బౌలర్. వాళ్ళమ్మ మిషన్ ఆస్పత్రిలో ఆయా. అతను వేసిన కార్కు బంతి పట్టుకుంటే రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు కూడా నా అరచేతులు మండేవి. అయినా అతను బంతి అందుకుంటే చాలు, నాకు ఎక్కడలేని హుషారు వచ్చేది.

బెల్లం కొట్టు అబ్బాయి సంగతులు కొన్ని చెప్పాలి. అందరం ఆట మొదలుపెట్టాక వచ్చేవాడు. వస్తూనే బ్యాటింగు తనకే ఇవ్వాలి. డబ్బా మోగినా అది ట్రయల్ బాల్ అనేవాడు. కాదని అందరం గట్టిగా అంటే బ్యాటు చంకలో పెట్టుకుని ఇంటికి నడిచేవాడు, మేం బతిమాలుకుంటూ వెనకాల వెళ్ళేవాళ్ళం. ఫీల్డింగుకి నిలబెడితే అరుగు మీద కూర్చుని వేరుశనగకాయలు వలుచుకు తినేవాడు. ఎవరైనా క్యాచ్ వదిలేస్తే వాణ్ణి అమ్మానాన్నలతో కలిపి తిట్టేవాడు. వీటన్నిటికీ కలిపి మా సందులో ఒక్కటే పేరు. మూడ్. వాడికివాళ మూడ్ బాగాలేదు, ఎవరూ కదిలించకండి అని చెప్పేవాడు మా కెప్టెన్, పదో తరగతి చదివే అబ్బాయి, చాలా బాధ్యతగా. మా నాన్నగారు సైతం ఆట వచ్చినవాళ్ళు కాస్త అలాగే ఉంటారు, మిగతావాళ్ళే సర్దుకుపోవాలి అనేవారు.

ఎడమచేతి అబ్బాయి మీద ఎవరికీ ఏ ఫిర్యాదూ లేదు. వచ్చేవాడు, బౌలింగు వేసేవాడు, వెళ్ళిపోయేవాడు. బ్యాటింగు అతని దాకా వచ్చేసరికి ఎప్పుడూ చీకటి పడేది. దానికీ ఏమీ అనేవాడు కాదు.

సందుకి ఒక పక్క పొడుగునా మురుగుకాలవ ఉండేది. మోకాలి లోతు. గోడౌన్లు కడిగిన నీళ్ళూ, ఇళ్ళ వెనక నుంచి వచ్చేవీ అన్నీ అందులోకే. కాస్త పక్కకి కొడితే చాలు, బంతి అందులో పడేది. పడిన ప్రతిసారీ ఎడమచేతి అబ్బాయే దిగి తీసేవాడు. ఎవరు కొట్టినా, అతను ఎంత దూరాన ఉన్నా సరే. ఆ నియమం ఎవరూ పెట్టింది కాదు. ఎవరో ఒకరు "పడింది" అనేవారు, అందరి తలలూ అతని వైపు తిరిగేవి, అతను దిగేవాడు. తీసిన బంతిని వీధి కుళాయి దగ్గర కడగనిచ్చేవారు గానీ, కాళ్ళు అక్కడ కడుక్కోవద్దని కుళాయి ఎదురింటావిడ కేకలేసేది. కాళ్ళు మట్టిలో రుద్దుకుని వచ్చి మళ్ళీ బౌలింగు వేసేవాడు.

ఒకసారి మాకు పక్క పేట వాళ్ళతో మ్యాచ్ కుదిరింది. మిషన్ స్కూలు గ్రౌండులో, అసలైన స్టంపులతో. మా అందరికీ అలాంటి చోట ఆడటం అదే మొదలు. ఆ గ్రౌండు ఇప్పించింది మా పక్కింటి అక్క. ఆమె ఆ స్కూల్లో డ్రిల్లు టీచరు. పెద్దవాళ్ళు కూడా ఆమెని టీచరుగారూ అనే పిలిచేవారు. నాకు మాత్రం అక్కే.

మ్యాచ్ వచ్చే ఆదివారం అనగా, ఈ ఆదివారం పొద్దున ప్రాక్టీసు. ఎడమచేతి అబ్బాయి చర్చి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉన్నాడు. బెల్లం కొట్టు అబ్బాయి కొట్టిన బంతి వెళ్ళి కాలవలో పడింది. తలలన్నీ మామూలుగానే తిరిగాయి. అతను కదల్లేదు. చొక్కా పాడవుతుందని కాబోలు అనుకుని, చొక్కా విప్పి దిగమని మా కెప్టెన్ దయగానే చెప్పాడు.

"చొక్కా సంగతి కాదు. కొట్టినోడే తియ్యాలి," అన్నాడతను.

కొట్టినవాడు నవ్వాడు. కెప్టెన్ ఎడమచేతి అబ్బాయి వైపు తిరిగాడు.

"నీకు అలవాటే గదరా," అన్నాడు.

"మీరూ చేసుకోండి అలవాటు."

గొంతు పెంచలేదు, తిట్టలేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. అంతే. అరుగు మీద కూర్చుని మా ఆట చూసే బెల్లం కొట్టు గుమస్తాగారికి మాత్రం అది భరించరానిదైపోయింది. నాలుగు వికెట్లు పడగొట్టేసరికి నెత్తికెక్కింది, ఆట వచ్చి ఏం లాభం, మనిషి కష్టం అన్నాడు. వాడుంటే నేను ఆడను, నా బ్యాటూ ఆడదు అన్నాడు బెల్లం కొట్టు అబ్బాయి. కెప్టెన్ ఎడమచేతి అబ్బాయిని ఇంటికి పొమ్మన్నాడు. అతను వెళ్ళిపోయాడు. పావుగంటలో అరుగు మీద మీటింగు అయిపోయింది. టీంలోంచి అతన్ని తీసేశారు. క్రమశిక్షణ ముఖ్యం అని మా కెప్టెన్ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. బ్యాటు చంకన పెట్టుకుని వారం వారం ఇంటికి పోయేవాడి పక్కన కూర్చుని అన్నాడా మాట.

నేను తిన్నగా పక్కింటికి వెళ్ళాను. అక్క బొగ్గుల ఇస్త్రీపెట్టెతో స్కూలుకి కట్టుకునే తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటోంది. కోపంతో ముందుదీ వెనకదీ కలిపేసి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది, బంతి ఎవరు కొట్టారని. చెప్పాను. మళ్ళీ ఇస్త్రీలో పడిపోయింది. ఏమీ అనలేదని నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది.

సాయంత్రం అక్క నన్ను పంపి ఎడమచేతి అబ్బాయిని పిలిపించింది. తను ఆ ఇస్త్రీ చీర కట్టుకుని సందులోకి వచ్చింది. ఇవాళ నేను అంపైరుని, మీరు మామూలుగా ఆడండి, ఎవరిని ఉంచాలో ఎవరిని తీసెయ్యాలో ఆట అయ్యాక మాట్లాడుకుందాం అంది. గ్రౌండు ఇచ్చిన మనిషి కాబట్టి బెల్లం కొట్టు అబ్బాయి కూడా మారుమాట్లాడకుండా బ్యాటు తెచ్చాడు. బంతి కాలవలో పడితే తెచ్చే పూచీ అంపైరుదేనని కూడా చెప్పింది. అందరూ నవ్వారు.

రెండో ఓవర్లోనే బెల్లం కొట్టు అబ్బాయి కొట్టిన బంతి కాలవలో పడింది. మేం మళ్ళీ అతని వైపే చూశాం, అంత జరిగాక కూడా. ఈలోగా అక్క చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు ఎగదోపుకుని, కాలవ వైపు నడిచింది.

సందంతా ఒక్కసారి లేచింది. కెప్టెన్ పరిగెత్తాడు. బెల్లం కొట్టు అబ్బాయి బ్యాటు కింద పడేసి వచ్చాడు. గుమస్తాగారు అరుగు దిగి, మీరు దిగడమేంటి టీచరుగారూ అంటూ ఎదురొచ్చాడు. అందరికంటే ముందు వచ్చి నిలబడింది ఎడమచేతి అబ్బాయి. నేను తీస్తానండి అన్నాడు. నువ్వు వెళ్ళి నీ చోట నిలబడు అందామె. అని, ఒక కాలు నల్లటి నీళ్ళలో పెట్టి వెనక్కి తిరిగింది.

"అదేంట్రా, ఇంతమంది వచ్చారు? ఇన్నాళ్ళూ వాడు దిగుతుంటే ఒక్కడన్నా ఇలా పరిగెత్తుకొచ్చాడా?"

రెండో కాలు కూడా పెట్టి, వంగి, బురదలో తడిమి బంతి తీసింది. పైకొచ్చి బెల్లం కొట్టు అబ్బాయి ముందు చెయ్యి చాపింది. వాడు చేతులు వెనక్కి పెట్టుకుని ఒక అడుగు జరిగాడు. ఆమె చెయ్యి అలాగే ఉంది. మోచేతి మీదుగా చీర అంచు మీదికి నల్లగా కారుతోంది. చూడలేక నేనే వెళ్ళి బంతి పుచ్చుకున్నాను. కార్కు బంతి తడిస్తే ఎంత బరువుంటుందో, ఆ వాసన ఎంతసేపు పోదో అప్పుడే తెలిసింది.

కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి ఎదురింటావిడ లోపలికి పరిగెత్తి బకెట్టుతో నీళ్ళు, సబ్బుబిళ్ళ తెచ్చింది. అక్క తీరిగ్గా కాళ్ళు కడుక్కుంది. "అయితే ఇక్కడ కాళ్ళు కడుక్కోవచ్చన్నమాటండీ," అని సబ్బు ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

తరవాత ఎడమచేతి అబ్బాయిని పిలిచి, వచ్చే ఆదివారం ఆడతావా అని అడిగింది.

"ఆడతానండి. కాలవలోకి మాత్రం దిగను."

ఆ మనిషితో ఉన్న కష్టమంతా ఆ రెండో వాక్యమే. ఇంకేం లేదు. దాని కోసమే మీటింగు పెట్టారు, క్రమశిక్షణ అన్నారు, నెత్తికెక్కిందన్నారు. ఇక నుంచి కొట్టినవాడే తియ్యాలని కెప్టెన్ నేల చూస్తూ చెప్పాడు. బెల్లం కొట్టు అబ్బాయి బ్యాటు చంకన పెట్టుకున్నాడు. మేం కాసేపు వాడి వీపు వైపు చూశాం గానీ ఈసారి ఎవరూ వెనకాల వెళ్ళలేదు.

మ్యాచ్ ఓడిపోయాం. స్కూలు బ్యాటుతో ఆడాం, పరుగులు చేసేవాడు లేడు. చూశావా, ఆటగాణ్ణి వదులుకుంటే అంతే మరి అన్నారు మా నాన్నగారు. ఆయన అన్నది ఒక ఆటగాడి గురించే. రెండోవాణ్ణి పోగొట్టుకోవడానికి అందరం సిద్ధపడ్డ సంగతి ఆయనకి అప్పుడూ తట్టలేదు, ఆ తరవాతా తట్టలేదు.

కానీ ఆ మ్యాచ్‌లో ఒకటి జరిగింది. స్కూలు ప్రహరీ పక్కనా ఒక కాలవ ఉంది. అవతలివాళ్ళు కొట్టిన బంతి అందులో పడింది. బౌండరీ ఇచ్చేశారు, కానీ ఫీల్డింగు మాది కాబట్టి బంతి తెచ్చుకోవలసింది మేమే. కొన్ని తలలు పాత అలవాటు కొద్దీ తిరిగాయి. అతను తన బౌలింగ్ మార్కు దగ్గర నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉన్నాడు. మా కెప్టెన్ కాసేపు అటూ ఇటూ చూశాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని దిగాడు. తెచ్చిన బంతిని తన చొక్కాకే తుడిచి అతని చేతిలో పెట్టాడు. తరవాతి బంతికి ఆఫ్ స్టంపు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

పాలిటెక్నిక్‌లో మాకు ఒక సంగతి నేర్పారు. వాల్వు మాటిమాటికీ లీకవుతుంటే, వాల్వు మంచిది కాదని తీసి పారేసే ముందు దాని మీద ఎంత ప్రెషర్ పడుతోందో చూడాలి. ఆ పాఠం నాకు కొత్తగా అనిపించలేదు. ఆటగాళ్ళలో కష్టమైన మనుషులు నిజంగానే ఉంటారు. పదిమంది చాకిరీ మీద కూర్చుని మూడ్ అనేవాళ్ళని భరించనవసరం లేదని ఇప్పటికీ అంటాను, ఎన్ని పరుగులు చేసినా సరే. కానీ వాళ్ళ మీద మీటింగులు జరగ్గా నేను చూడలేదు. మీటింగులన్నీ, ఇన్నాళ్ళూ చేసిన పని ఇక చెయ్యనన్నవాడి మీదే.

అందుకని శనివారం కమిటీలో నేను ఒక్కటే అడిగాను, ఆ కుర్రవాడు ఏం చేశాడని. నెలరోజులుగా మ్యాటు మొయ్యనంటున్నాడట. స్టోరు నుంచి గ్రౌండు దాకా మోసుకెళ్ళి పరచాల్సిన కొబ్బరిపీచు మ్యాటు. ఇంతకాలం ఎవరు మోశారని అడిగాను. అతనూ, అతనిలాగే ప్లాంటులో హెల్పరుగా చేసే ఇంకొకతనూ అన్నారు, అందులో అడగడానికేముంది అన్నట్టుగా.

చుట్టిన మ్యాటు మొయ్యాలంటే ఆరుగురు కావాలి. ఆదివారం పొద్దున నేను స్టోరు దగ్గర ఉంటానని, ఇంకా ఐదుగురు రావాలని చెప్పి లేచి వచ్చేశాను. ఆదివారం వెళ్ళేసరికి ముగ్గురు వచ్చి ఉన్నారు. అతను దూరంగా బంతి చేతిలో తిప్పుకుంటూ నిలబడి చూస్తున్నాడు. నలుగురం ఎత్తబోతే లేవలేదు. ఎవరూ పిలవకముందే అతను బంతి జేబులో పెట్టుకుని, ఇంకో హెల్పర్ని కేకేసి, నా పక్కకి వచ్చి భుజం పెట్టాడు.