ఎముకలు కనిపెట్టే అక్క

బూర్గంపాడు రోడ్డు మీద మెస్ నడిపిన అక్కకు మనుషుల ఎముకలు కనిపించేవి. నా పొట్ట నాకన్నా అర నిమిషం ముందే గుమ్మం దాటేది. అయినా గంపెడన్నం గుమ్మరించి, "బొక్కలు తేలినయ్ తమ్మీ, తిను" అనేది. ఆ మాటకు పొంగిపోయి గోదావరి వరదంత పప్పుచారు తాగేవాణ్ణి.

అడవి పల్లె నుంచి ఒక ముసలవ్వ మెస్సుకు అడ్డాకు విస్తళ్ళ కట్ట తెచ్చేది. కట్టలో మొదటి విస్తరి తీసి, అవ్వకే ముందు వడ్డించడం అక్క పద్ధతి. ఆ తరువాతే మాకు.

రోడ్డు వెంట లాడ్జీలు లేచాక, స్థలం ఓనరు మెస్సును ఏసీ రెస్టారెంటు చేసి, అక్కను వంటకు జీతానికి పెట్టుకున్నాడు. ఒక మధ్యాహ్నం అవ్వ అద్దాల తలుపు బయట చెప్పులు విడిచి, కట్టతో నిలబడింది. అక్క గరిటెతో సహా వచ్చి, ఆమెను, సర్వరు తెచ్చింది తింటున్న నా ఎదుటి సోఫాలో కూర్చోబెట్టి విస్తరి వేసింది.

"గిదేంది అక్కా, ఇంకా నీ పాత మెస్ అనుకున్నవా? పెద్దపెద్దోళ్ళు వస్తరు. బయట పెట్టు," అన్నాడు ఓనరు.

"ఈమె తినకముందు నేను ఎవ్వలకూ వడ్డించలే. ఇగ ముందట గూడ వడ్డించ."

"అయితే రేపటిసంది రాకు."

"అవ్, రాను," అంటూ అవ్వకు అన్నం పెట్టి, అక్క నా వైపు చూసింది. ఊరంతటినీ నవ్వించే నా నోరు అప్పుడు పనీరు ముక్కతో నిండి ఉంది.

మొన్న మళ్ళీ ఆ రెస్టారెంటుకు వెళ్ళాను. ఉంగరం డబ్బీ అంత గిన్నెలో అన్నం తెచ్చిపెట్టారు. అరగంట కూర్చున్నాను. నా ఎముకలు ఎవరికీ కనిపించలేదు.