తిరగేసి అంటించిన పోస్టర్

పాత సినిమా పోస్టర్ల కోసం ఊళ్లు తిరిగే పిచ్చి నాది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో అదే పనిమీద గద్వాల వెళ్లాను. మూతపడిన ఒక టాకీసుకు ఏళ్లపాటు పోస్టర్లు అంటించిన ఖాసిం సాబ్ ఇంట్లో మిగిలింది ఒక్కటే. దాన్ని అద్దం పగిలిన కిటికీకి అంటించారు. బొమ్మ వీధివైపు, తెల్లటి వెనకవైపు మాకు.

"ఊరంతా అంటించిన మీరు సొంతింట్లో తిరగేసి అంటించారేంటండీ?" అన్నాను.

"గీ అర్రల నమాజు చదువుతం బేటా. లోపల బొమ్మ కనవడొద్దు," అన్నాడాయన.

అంతలో కిటికీ మీద ఎండ పడింది. తెల్లకాగితంలోంచి ఓ హీరోయిన్ ముఖం, జూకాలతో సహా, మెల్లగా పైకి తేలింది. నేను తెల్లబోయి ఆయన వైపు చూశాను. చాయ్ గ్లాసు నా చేతికిస్తూ ఆయన భార్య నవ్వింది.

"పొద్దుగాల నమాజు అయినంకనే వస్తది, పగటి నమాజు యాల్లకు పోతది. ఆమెకు గూడ జర అదబు, మర్యాద తెల్సు."

ఆ పోస్టర్ ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. ఎండ కిటికీ దాటేదాకా అక్కడే కూర్చున్నాను.